టెక్ సందేహాలు: కొన్న స్థలంలో పేరు తెలియని చెట్టు ఉంది, ఏ యాప్ చెబుతుంది?

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఇంటి స్థలం కొన్నాం. వెనక మూలలో పెద్ద చెట్టు ఉంది. అమ్మినాయనను అడిగితే "ఏదో అడవి చెట్టు సార్" అన్నారు. గూగుల్ లెన్స్‌లో చూస్తే ఒకసారి వేగిస అని, ఒకసారి జిట్రేగి అని, ఇంకోసారి ఎర్రచందనం అని వస్తోంది. ఎర్రచందనం అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇల్లు కట్టాలంటే చెట్టు కొట్టించాలి. ఏ యాప్‌ను నమ్మాలి? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: చెట్టు ఏదో తేలేదాకా దాని మీద గొడ్డలి పడనివ్వకండి. మీ ప్రాంతం శేషాచలం కొండల పక్కనే ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కాబట్టి లెన్స్ చూపిన మూడో పేరును తేలిగ్గా కొట్టిపారేయలేం.

లెన్స్ పూటకో పేరు చెప్పడానికి కారణం ఉంది. మీ ఫొటోను పోలిన ఫొటోలను అది ఇంటర్‌నెట్‌లో వెతుకుతుంది. ఒక ఆకు తెంపి ఫొటో తీస్తే ఈ మూడు చెట్లూ ఒకేలా కనిపిస్తాయి. అసలు మనం ఆకు అనుకుని తెంపేది చాలాసార్లు ఆకు కాదు, ఆకులో ఒక రెక్క. వేప ఈనెను గుర్తు తెచ్చుకోండి, ఆ ఈనె మొత్తం కలిపి ఒక్క ఆకు. కొమ్మకు కాడ అతుక్కున్న చోట చిన్న మొగ్గ కనిపిస్తే అక్కడి నుంచి ఒక ఆకు మొదలైనట్టు. చిన్న రెక్కల మొదట్లో ఆ మొగ్గ ఉండదు.

ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోతుంది. ఎర్రచందనం ఆకుకు ఎక్కువగా మూడు రెక్కలే ఉంటాయి, అరుదుగా ఐదు. వేగిసకు సాధారణంగా ఐదు నుంచి ఏడు. జిట్రేగికీ అంతే, కానీ దాని కాయ పొడవుగా, పలచగా ఉంటుంది. ఎర్రచందనం, వేగిస రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతి చెట్లు కాబట్టి వాటి కాయలు గుండ్రంగా, చుట్టూ పలచటి అంచుతో బిళ్లల్లా ఉంటాయి. ముదిరిన ఎర్రచందనం బెరడు నల్లగా మారి, లోతుగా పగిలి, దీర్ఘచతురస్రాల్లాంటి పలకలుగా విడిపోతుంది. చెట్టు కింద ఎండుకాయలు దొరుకుతాయేమో చూడండి. కొమ్మల మీది ఆకుల కంటే అవే ఎక్కువ చెబుతాయి.

ఇక ఫొటోలు. దూరం నుంచి చెట్టంతా పట్టేలా తీసిన ఒక్క ఫొటోతో ఏ యాప్ కూడా సరిగ్గా చెప్పలేదు. నాలుగు రకాలు తీయండి: ఆకులతో ఉన్న చిన్న కొమ్మ, ఒక పూర్తి ఆకు (ముందు వైపు, వెనక వైపు), ఛాతీ ఎత్తున బెరడు, కాయ లేదా పువ్వు. ఆకును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన రూపాయి నాణెం పెడితే సైజు తెలుస్తుంది. ఆకాశం వైపు తీస్తే ఆకులు నల్లటి నీడల్లా వస్తాయి. స్క్రీన్ మీద ఆకును తాకి ఫోకస్ పెట్టి, వెలుతురు సరిచేసుకోండి. మరీ దగ్గరికి పెడితే ఫోన్ ఫోకస్ తీసుకోదు. కాస్త వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ చేయండి. మొదలు దగ్గర పుట్టుకొచ్చిన లేత పిలకల ఆకులు వద్దు, వాటి తీరు పెద్ద కొమ్మల ఆకులకు భిన్నంగా ఉండొచ్చు.

ఇలా తీశాక లెన్స్ పక్కన పెట్టి ప్లాంట్‌నెట్ వాడండి. ఫ్రెంచ్ పరిశోధన సంస్థలు కలిసి నడిపే ఉచిత యాప్ ఇది. ఒకే చెట్టువి పలు ఫొటోలు కలిపి ఇవ్వొచ్చు, ఏది ఆకు, ఏది బెరడు, ఏది కాయ అని చెప్పొచ్చు. అందుకే దీన్ని ముందు చెబుతున్నాను. ప్రాంతంగా భారత ఉపఖండాన్ని ఎంచుకుంటే ఎక్కడివో విదేశీ చెట్ల పేర్లు రావు. ప్రతి పేరు పక్కన ఒక శాతం చూపిస్తుంది. మొదటి పేరుకూ రెండో పేరుకూ మధ్య పెద్ద తేడా లేకపోతే ఇంకా తేలలేదనే అర్థం.

యాప్ తర్వాత మనుషుల మాట కావాలనుకుంటే ఐనేచురలిస్ట్ ఉంది. అక్కడ మొక్కలు తెలిసినవాళ్లు మీ ఫొటో చూసి పేరు చెబుతారు, ఒకరు తప్పు చెబితే ఇంకొకరు సరిదిద్దుతారు. కానీ మీ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. లొకేషన్‌ను 'అబ్‌స్క్యూర్డ్' అని మార్చాకే అప్‌లోడ్ చేయండి. అప్పుడు చెట్టున్న చోటు సుమారు 20 కిలోమీటర్ల పరిధిలో ఎక్కడో అన్నట్టు మాత్రమే కనిపిస్తుంది. ప్రమాదంలో ఉన్న జాతులకు ఆ యాప్ తనంతట తానే చోటు దాచే ఏర్పాటు ఉంది, కానీ అది పేరు తేలాకే పనిచేస్తుంది. పేరు తెలియదని పెట్టిన ఫొటో అప్పటిదాకా కచ్చితమైన లొకేషన్‌తోనే అందరికీ కనిపిస్తుంది. అది నిజంగా ఎర్రచందనమైతే దొంగలకు మనమే దారి చూపినట్టవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో లొకేషన్ వివరాలు పోతాయి, అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేసి తీయడం ఇంకా మంచిది.

అయితే ఏ యాప్ చెప్పిన పేరూ మీ చేతిలో అనుమతి పత్రం కాదు. సొంత పట్టా భూమిలో ఉన్నా ఎర్రచందనాన్ని అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, తరలించకూడదు. అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా, ప్రమాదంలో ఉన్న జాతుల కోసం దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందం నియంత్రణ ఉంది. వేరే చెట్టని తేలినా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కొట్టే ముందు అనుమతి గురించి అడగాలి. ఫొటోలు, ఎండుకాయ, చిన్న కొమ్మ తీసుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి. వాళ్లకు ఈ చెట్టు రోజూ చూసేదే. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో కూడా అడగొచ్చు.

ఇంకో మాట: ప్లాన్ గీయించే ఇంజినీరుకు చెట్టున్న చోటు కొలిచి ఇవ్వండి. వెనక మూలే కాబట్టి, చెట్టును ఉంచుకుని ఇల్లు కట్టే దారి ఉందేమో ముందు చూడమని నా కోరిక.

ప్రశ్న: డాలస్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. పెరట్లో పెద్ద చెట్టు ఉంది, కానీ ఇప్పుడు చలికాలం, ఒక్క ఆకూ లేదు. యాప్‌లు చేతులెత్తేస్తున్నాయి. వసంతం దాకా ఆగాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. కంప్యూటర్‌లో గూగుల్ స్ట్రీట్ వ్యూ తెరిచి మీ వీధికి వెళ్లి, పాత తేదీల చిత్రాలు చూడండి. చెట్టు రోడ్డు మీద నుంచి కనిపించేదైతే ఎండాకాలంలో ఆకులతో ఉన్న ఫొటో దొరకొచ్చు. గూగుల్ ఎర్త్ ప్రోలోని పాత ఉపగ్రహ చిత్రాల్లో ఆ చెట్టు ఎన్నేళ్ల నుంచి ఉందో కూడా కొంతవరకు తెలుస్తుంది. ఆపైన చెట్టు కింద వెతకండి. కోలగా ఉన్న కాయలు, నాలుగు పలకలుగా చీలిన నల్లటి తొక్కలు దొరికితే అది పెకాన్ కావచ్చు. అది టెక్సస్ రాష్ట్ర వృక్షం, పాత ఇళ్ల పెరళ్లలో మామూలే. చిన్న గిన్నెల్లాంటి టోపీలున్న కాయలు దొరికితే ఓక్ (సింధూర వృక్షం). బెరడు, కొమ్మ చివరి మొగ్గలు, ఈ కాయలు మూడింటినీ కలిపి ప్లాంట్‌నెట్‌కు ఇచ్చి చూడండి. టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ సైట్‌లో చెట్లను గుర్తుపట్టే పేజీలు ఉన్నాయి, వాటితో సరిపోల్చుకోండి. పేరు తేలేదాకా ఆ కాయలు పిల్లల నోట్లోకి పోకుండా చూడండి.