చెరువు గట్టు మీద రష్యా గొంతు

ప్రశ్న: బాబాయ్ గారూ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులండి. రాత్రి కాపలా నాదే, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతుంటే నిద్ర పట్టకుండా ఫోన్లో ఏదో ఒకటి పెట్టుకుంటాను. మొన్న పాత పద్యాలు వెతుకుతుంటే వేలు ఎక్కడో తగిలి రష్యా పాట ఒకటి వచ్చిందండి, పైన బోరిస్ అని ఏదో ఉంది, ఆయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, కానీ రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తడం మర్చిపోయి అలా నిలబడిపోయాను. పొద్దున్న మా ఆవిడకి వినిపిస్తే "ఎవరో పోయినట్టున్నారు, ఆపండి" అంది. ఏంటండీ ఆ గొంతులో ఉన్నది? వాళ్ళకే ఎందుకు అలాంటి గొంతులు?
- ఓ రొయ్యల రైతు, భీమవరం దగ్గర

జవాబు: మీ ఆవిడ చెప్పింది కరెక్టేనండి, ఆ పాటలో నిజంగానే ఒకాయన పోతాడు. మీరు చెప్పిన పేరుని బట్టి అది బోరిస్ గొదునోవ్ అనే ఓపెరా. ఓపెరా అంటే మన పద్యనాటకానికి పెద్దన్నయ్య అనుకోండి, మాట కూడా పాటే, హార్మోనియం ఒక్కటీ కాకుండా ముందు గోతిలో 60, 70 మంది వాద్యాలతో కూర్చుంటారు, మైకు ఉండదు. పుష్కిన్ నాటకాన్ని పట్టుకుని ముస్సోర్గ్‌స్కీ కట్టాడు, 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడారు. బోరిస్ 1598 నుంచి 1605 దాకా రష్యాని నిజంగా ఏలిన జార్ చక్రవర్తి, సింహాసనం కోసం ఓ పసివాణ్ణి చంపించాడని ఆయన మీద నింద, అది నిజమో కాదో చరిత్రకారులు తేల్చలేదు గానీ ఓపెరాలో మాత్రం పాపం ఆయనదే. ఇక ఆ పిల్లాడు కళ్ళముందు మెదులుతూనే ఉంటాడు, గడియారం టిక్కుటిక్కుమంటుంటే ఇదిగో ఆ మూల కదిలాడు, అదిగో దగ్గరకొస్తున్నాడు అని ఊపిరాడక గింజుకుంటాడు. ఆఖర్న గంటలు మోగుతుంటాయి, సన్యాసులు పాడుతుంటారు, కొడుక్కి అప్పగింతలు చెప్పుకుంటాడు, "నేనింకా జార్‌నే" అని ఒక్క అరుపు అరుస్తాడు, ఆ తర్వాత క్షమించండి క్షమించండి అని గొణుగుతూ ఒరిగిపోతాడు. మీరు చెక్ ట్రే మర్చిపోయింది ఆ గొణుగుడు దగ్గరే అయ్యుంటుంది, నేనూ అక్కడే పడ్డాను, 40 ఏళ్ళ కిందట.

ఇప్పుడు అసలు సంగతి. బేస్ అంటే మగగొంతుల్లో అన్నిటికంటే కింద గొంతు. అందరూ ఏమనుకుంటారంటే రష్యా బేస్ అంటే ఎంత కిందకి దిగితే అంత గొప్ప అని. నేనొప్పుకోను. వాళ్ళలో అందరికంటే గొప్పవాడని పేరు పడ్డ షల్యాపిన్ గొంతు నిజానికి అంత కిందది కాదు, బేస్‌ల్లో కాస్త పైస్థాయి గొంతు, పక్కనున్న బారిటోన్ వాళ్ళ, అంటే బేస్‌కి కాస్త పైన పలికే గొంతువాళ్ళ, పాత్ర కూడా ఒకటి లాక్కుని పాడేవాడు. 1873లో కజాన్‌లో పుట్టాడు, బీదిల్లు, చిన్నప్పుడు చెప్పులు కుట్టే పనికి పెట్టారు, పాట నేర్చింది చర్చి కోరస్‌లో. తర్వాత తిఫ్లిస్‌లో (ఇప్పటి జార్జియాలోని త్బిలిసి) ఉసాతోవ్ అని ఓ మాస్టారు డబ్బులు పుచ్చుకోకుండా నేర్పాడు. 1901కల్లా ఇటలీ వెళ్ళి మిలాన్‌లో లా స్కాలా అనే పెద్ద ఓపెరా హాల్లో పాడాడండి, పేరు మోసిన గాయకుడు కరూసో పక్కన, వాద్యాలవాళ్ళని నడిపే తొస్కనీనీ చేతి కింద. సంగీతం వాళ్ళ సొత్తు అనుకునే ఇటలీవాళ్ళ ముందు ఓ రష్యావాడు వెళ్ళి దెయ్యం వేషం కట్టి మెప్పించాడన్నమాట. ఆయన గొప్పంతా ఎక్కడుందంటే మాటలో. ఏ మాటని పాడాలి, ఏ మాటని సగం మింగాలి, ఎక్కడ గొంతు చంపుకోవాలి అన్నది ఆయనకి తెలుసు. 1928లో లండన్‌లో స్టేజి మీద ఆడుతుండగా పట్టిన బోరిస్ రికార్డు ఉంది, గరగరలాడుతుంటుంది, అయినా వెతుక్కుని వినండి.

వాళ్ళకే ఎందుకు అంటారా. మిగతా దేశాల్లో అలాంటి గొంతులు పుట్టకపోలేదండి, క్రిస్తోఫ్, గ్యౌరోవ్ ఇద్దరూ బల్గేరియావాళ్ళు, బోరిస్ వేషానికి పెట్టింది పేరు. కాకపోతే రష్యాలో ఆ గొంతుకి ఉద్యోగం ఉంది. అక్కడి ఆర్థొడాక్స్ చర్చిలో వాద్యం వాయించకూడదు, ఆర్గాన్ లేదు, హార్మోనియం లేదు, ఉన్నదల్లా మనిషి గొంతే. మరి పాటకి అడుగు ఎవరు పట్టుకోవాలి? బేస్ వాళ్ళే. ఆ మామూలు బేస్‌కి ఇంకో స్థాయి కింద పాడేవాళ్ళని ఆక్తవిస్తులంటారు, మనకి తంబురా ఎలాగో వాళ్ళకి వీళ్ళు అలాగ. పైగా డీకన్, అంటే పూజారికి తోడుండే ఆయన, పెద్ద గొంతుతో ప్రార్థనలు చదవాలి, మంచి గొంతున్న డీకన్ ఉన్న గుడికి జనం ఎగబడేవారు. మిహాయిలోవ్ అని మాస్కో బల్షోయ్ థియేటర్‌లో పేరు మోసిన బేస్ ఉండేవాడు, ఆయన అంతకు ముందు చర్చిలో ప్రోటోడీకనే, అంటే పెద్ద డీకన్.

దాంతో ఏమైందంటే, ఇటలీ ఓపెరాలో హీరో అంటే టెనర్, పైస్థాయి మగగొంతు, బేస్ అంటే తండ్రో పూజారో ముసలి రాజో. రష్యావాళ్ళు వచ్చి హీరోనే బేస్ చేసేశారు. 1836లోనే గ్లింకా ఓపెరాలో సుసానిన్ అనే రైతు, శత్రుసైన్యానికి దారి చూపిస్తానని చెప్పి మంచు అడివిలోకి తీసుకుపోయి వాళ్ళని దారి తప్పించి తనూ చస్తాడు, చచ్చే ముందు తెల్లవారడం కోసం ఎదురుచూస్తూ పాడతాడు, అది బేస్ పాట. బోరిస్‌లోనైతే జార్, చరిత్ర రాసే ముసలి సన్యాసి, తాగుబోతు సన్యాసి, ముగ్గురూ బేస్‌లే, పాపానికీ పుణ్యానికీ కల్లు ముంతకీ ఒకటే గొంతు. ప్రేమలో పడ్డ కుర్రాడి గోల మనం చాలా విన్నాం కదండీ, వయసు మళ్ళినవాడి తప్పుని మధ్యలో నిలబెట్టి మూడు గంటలు వినిపించే సంగీతం తక్కువ. మిమ్మల్ని ఆ చీకట్లో ఆపేసింది అదేనని నా అనుమానం.

ఇంకో తమాషా చెప్తాను. మీ చెరువు గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, అది హూంమని మోగేది సెకనుకి 100 సార్ల లెక్కన. చైకోవ్‌స్కీ ఓపెరాలో గ్రేమిన్ పాట ఆఖరి స్వరం 92 దగ్గరుంటుంది, అంటే మీ ట్రాన్స్‌ఫార్మర్ కంటే కిందకి దిగి పాడతాడు ఆ మనిషి. మీ ఫోన్ స్పీకరు ఉందే, వేలెడు కూడా లేదు, అది ఆ 92ని సరిగ్గా పలకలేదు. దాని పైన పుట్టే 184, 276, 368 ఇలాంటివే బయటికొస్తాయి, మీ మెదడు వాటిని చూసి ఓహో అడుగున ఫలానాది ఉండాలి అని తనే వేసుకుంటుంది. అంటే మీరు నూతిలోంచి వచ్చిందన్న ఆ శబ్దం సగం మీ బుర్రలో పుట్టిందే. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి వినండి, ఒక చెవికే పెట్టుకోండి సుమా, ఏరియేటర్ ఆగిపోతే రెండో చెవికి తెలియాలి కదా.

ప్రశ్న: మా రామచంద్రపురం వైపు ఇప్పటికీ తీర్థాల్లో పద్యనాటకాలు వేస్తారు. మనవాళ్ళందరూ పైకి ఎత్తి పాడేవాళ్ళే, రష్యావాళ్ళలాగా కింద గొంతుతో పాడే కృష్ణుడు ఒక్కడూ లేడే, ఎందుకండీ?
- ఓ నాటకాల పిచ్చోడు

జవాబు: వెనక బెంచీ వాడికి వినపడద్దూ! మా నాన్నగారు నాటకాలకి హార్మోనియం వాయించేవారు, కృష్ణుడు వేషగాడు మధ్యాహ్నం కాఫీలప్పుడు చెప్పిన శ్రుతికీ రాత్రి జనాన్ని చూసి పట్టే శ్రుతికీ ఒకటిన్నర తేడా ఉండేదని నవ్వేవారు. మైకుల్లేని రోజుల్లో పందిరి కింద వేలమంది, పిల్లల ఏడుపులు, వేరుశనక్కాయలు, అందులోంచి దూసుకుపోవాలంటే ఎత్తుగా పాడాల్సిందే, మన చెవి చురుగ్గా ఉండేది సెకనుకి 2000 నుంచి 4000 మధ్య శబ్దాలకి.

మరి ఓపెరావాడు మైకు లేకుండా కింద గొంతుతో 70 వాద్యాల మీంచి ఎలా వినపడతాడు అంటే, అక్కడ చిన్న కిటుకు ఉంది. వాద్యాల బలమంతా 500 చుట్టుపక్కల ఉంటుంది, గాయకుడు గొంతు వెనక భాగాన్ని ఓ పద్ధతిలో అమర్చుకుంటే 3000 దగ్గర ఒక మెరుపు పుడుతుంది, వాద్యాలకి ఆ చోట బలం తక్కువ, అందులోంచి దూరి వచ్చేస్తాడు. అంటే మంచి బేస్ గొంతులో అడుగున కంచు ఉంటుంది, పైన గజ్జె ఉంటుంది. ఆ గజ్జె లేకుండా ఉత్తి అడుగు ఒక్కటే ఉంటే అది బావురుమనే గొంతు, రెండో వరస దాటదు. మన పీసపాటి వారూ షణ్ముఖి వారూ ఆ మెరుపుని పైస్థాయిలో పట్టుకున్నారు, ఆ రష్యావాళ్ళు కిందస్థాయిలో పట్టుకున్నారు, అంతే తేడా. మనకి ఆ బరువు గొంతు పాటలో కంటే మాటలో దొరికింది, కాకినాడ నాటకాల్లోంచి వచ్చిన ఎస్వీ రంగారావు గారు ఊరికే "ఊఁ" అంటే చాలు, ఆయన్ని ఎవరైనా ఓపెరాకి పంపి ఉంటే బాగుండును అని నాకో తీరని కోరిక.

ప్రశ్న: వోడ్కా తాగితే గొంతు అలా లోతుగా అవుతుందని మా ఫ్రెండు అంటున్నాడు, నిజమేనా?
- రావులపాలెం

జవాబు: మీ ఫ్రెండుకి తాగడానికి వంక కావాలి. రేపు గొంతు ఎండి బొంగురుపోతుంది, అది వేరు, లోతు వేరు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నానండి, అమలాపురం. రష్యా భాష రాదు, మూడు గంటల ఓపెరా చూసే ఓపిక లేదు, ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: నేను పైన చెప్పిన గ్రేమిన్ పాటతో మొదలెట్టమ్మా, అయిదారు నిమిషాలే. చైకోవ్‌స్కీ కట్టిన యెవ్గేనీ అనేగిన్ అనే ఓపెరాలో మూడో అంకం, 1879 నాటిది. అనేగిన్ అనే గర్విష్టి కుర్రాడు ఒకప్పుడు ఒక పల్లెటూరి పిల్ల ప్రేమలేఖ రాస్తే నీతులు చెప్పి కాదన్నాడు, కొన్నేళ్ళకి ఓ పెద్దింటి విందులో చూస్తే ఆ పిల్లే ఒక ముసలి జనరల్ గారి భార్య. ఆ జనరలే గ్రేమిన్. ఏమీ తెలియని ఆ పెద్దాయన వీడి పక్కనే నిలబడి, ప్రేమకి వయసుతో పని లేదయ్యా, ఈవిడ వచ్చాకే నా బతుక్కి వెలుగొచ్చింది అని పాడతాడు. కోపం లేదు అరుపు లేదు, మెట్టు మెట్టుగా కిందకి దిగి అలా ఆగిపోతాడు. నువ్వు పాడేది 1 శ్రుతి అయితే ఆ ఆఖరి స్వరం మగగొంతు మంద్ర పంచమానికి అరమెట్టు కింద. మార్క్ రైజెన్ అనే ఆయన ఇదే వేషం 1985లో బల్షోయ్‌లో కట్టాడు, అప్పటికి ఆయనకి 90 నిండాయి. ముందు కథ తెలుసుకుని విను, అనువాదం చూస్తూ వింటే చెవి కంటే కన్నే ఎక్కువ పనిచేస్తుంది, రెండోసారి అది కూడా పక్కన పడేయ్. నచ్చితే అప్పుడు బోరిస్. ముందే బోరిస్ జోలికెళ్తే హాస్టల్లో నీ రూమ్మేట్ ఊరుకోదు.

ప్రశ్న: ప్రెయిజ్ ద లార్డ్ అండి. నరసాపురంలో మా చర్చి కోయిర్‌లో నేను బేస్ పాడతాను, మొత్తం నలుగురం. నా గొంతు కొంత వరకే దిగుతుంది, తెల్లారి లేవగానే మాత్రం ఇంకా కిందకి వస్తుంది. సాధన చేస్తే ఆ రష్యావాళ్ళలాగా అవుతుందా? వయసు 27.

జవాబు: వందనాలు తమ్ముడూ. తెల్లారి గొంతు చూసి మోసపోకు, నిద్రలో స్వరతంత్రులు కాస్త ఉబ్బి ఉంటాయి, బరువెక్కిన తీగె నెమ్మదిగా ఊగుతుంది, కాఫీ తాగి నాలుగు మాటలు మాట్లాడేసరికి పోతుంది. మగవాళ్ళకి ఆ తంత్రులు 17 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటాయి, అది దేవుడిచ్చిన కొలత, సాధనతో పొడుగవదు. సాధనతో వచ్చేది ఏంటంటే ఉన్న కింద స్వరం నిలకడగా, మాట స్పష్టంగా పలకడం. కింద స్వరానికి గెడ్డం ఛాతీకి అదిమి గొంతుని కిందకి నొక్కేవాళ్ళని చూశాను, అది మాత్రం చెయ్యకు. సిగరెట్టు తాగితే గొంతు బరువెక్కుతుందని ఎవడైనా చెప్తే నమ్మకు, బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించు. నీకు 27 అన్నావు కదా, బేస్ గొంతు ముప్పైల్లో నలభైల్లో పండుతుంది, తొందరపడకు.

నీకు నచ్చే ముచ్చట ఒకటి ఉంది. లూకా సువార్తలో ముసలి సుమెయోను బాలయేసుని ఎత్తుకుని, ప్రభువా ఇక నన్ను సమాధానంగా పోనియ్యి అంటాడు చూడు, ఆ మాటల్ని రాక్మనినోవ్ 1915లో కోరస్‌కి కట్టాడు, వాద్యం ఒక్కటీ లేకుండా. ఆఖర్న బేస్ వాళ్ళు ఒక్కొక్క మెట్టే దిగుతూ దిగుతూ 1 శ్రుతి లెక్కన అనుమంద్ర షడ్జం కూడా దాటి ఇంకా కిందకి పోయి ఆగుతారు, సెకనుకి 58 సార్లు, ముసలాయన్ని ఎవరో చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నట్టే ఉంటుంది. దాన్ని మొదట విన్నప్పుడు కోరస్ నడిపే దనీలిన్, అలాంటి బేస్‌లు ఎక్కడ దొరుకుతారయ్యా, క్రిస్మస్‌కి ఆస్పరాగస్ అడిగినట్టుంది అన్నాడట. మన లెక్కలో సంక్రాంతికి పులస అడగడం. అయినా దొరికారు.

ఆ ఆఖరి మెట్టు నీకు రాదు, నాకూ రాదు. కానీ ఈ ఆదివారం ఒక్క పాటకి మీ కీబోర్డు అబ్బాయిని చేతులు కట్టుకుని కూర్చోమను, మీ నలుగురు బేస్‌లూ అడుగు పట్టండి, ప్యాడ్లు కూడా వద్దు. మొదటి చరణంలో అందరూ తడబడతారు, ఆపకండి. ఎలా వచ్చిందో ఉత్తరం రాయి.