లెక్కల్లో 52 శాతమే పాసైన మిడిల్ స్కూలు బాగోనట్టేనా?

మీ ప్రశ్న ఇది: కాలిఫోర్నియాలో మీరు అద్దెకు చూస్తున్న ఇంటికి వచ్చే పబ్లిక్ మిడిల్ స్కూల్లో రాష్ట్ర పరీక్షలో లెక్కల్లో 52 శాతం మందే ప్రమాణం అందుకున్నారు, పక్క ఊరి స్కూల్లో 71 శాతం. "అక్కడ మనవాళ్ళు తక్కువ, వద్దు" అని తెలిసినవాళ్ళు అంటున్నారు. పాప ఆరో క్లాసులో చేరాలి.

ఆ రెండు అంకెలు చూసి మాత్రం ఇల్లు మార్చకండి. కాగితం మీద లెక్క వేసి చూడండి. రెండు స్కూళ్ళలోనూ 600 మంది చొప్పున పరీక్ష రాశారనుకుందాం. మొదటిదాంట్లో 420 మంది తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు, వాళ్ళలో 168 మంది గట్టెక్కారు. అంటే 40 శాతం. మిగతా 180 మందిలో 144 మంది, 80 శాతం. మొత్తం 312, సరిగ్గా 52 శాతం. రెండోదాంట్లో తక్కువ ఆదాయం వాళ్ళు 60 మందే, గట్టెక్కింది 21 మంది, 35 శాతం. మిగతా 540 మందిలో 405 మంది, 75 శాతం. మొత్తం 426, అంటే 71 శాతం. పేదింటి పిల్లలైనా, ఉన్నింటి పిల్లలైనా మొదటి స్కూల్లోనే ఎక్కువమంది గట్టెక్కారు. అయినా బోర్డు మీద అది 19 పాయింట్లు వెనకబడి కనిపిస్తుంది. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, మీ స్కూళ్ళ సంగతి దీనికి తలకిందులుగా కూడా ఉండొచ్చు. అందుకే విడగొట్టి చూడాలి.

రాష్ట్ర పరీక్షల ఫలితాల సైటులో, అంటే అందరూ కాస్ప్ అనే దాంట్లో, స్కూలు పేరు పెట్టాక విద్యార్థి వర్గాల జాబితా వస్తుంది. చాలామంది జాతి దగ్గర 'ఏషియన్' నొక్కి ఆగిపోతారు. అందులో చైనా, వియత్నాం, కొరియా, భారత్ పిల్లలంతా కలిసే ఉంటారు, మీకు దాంతో తేలేది తక్కువ. 'తల్లిదండ్రుల చదువు' వర్గం తీసి, మీ చదువుకు సరిపోయే వరస రెండు స్కూళ్ళకూ పక్కపక్కన పెట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న పోలిక అదే. పరీక్ష రాసినవాళ్ళు 11 మందికి తక్కువైతే అంకె బదులు నక్షత్రం గుర్తు వస్తుంది, దాన్ని సున్నా అనుకోవద్దు. 32 మంది ఉన్న వర్గంలో ముగ్గురు తప్పితే 9 శాతం పడిపోతుంది కాబట్టి చిన్న వర్గాలకు కనీసం మూడేళ్ళ అంకెలు చూడాలి.

శాతంలో ఇంకో లోపం ఉంది. ఆరో క్లాసు లెక్కల్లో ప్రమాణం అందుకోవడానికి కావాల్సిన స్కోరు 2552, ఏడులో 2567, ఎనిమిదిలో 2586. ఆరులో 2551 తెచ్చుకున్న పిల్లాడు, 2400 తెచ్చుకున్న పిల్లాడు ఇద్దరూ ఆ శాతంలో లెక్కకు రారు. స్కూళ్ళ పనితీరుని రంగులతో చూపించే రాష్ట్ర సైటు డాష్‌బోర్డ్‌లో 'ప్రమాణం నుంచి దూరం' అని ఇచ్చే అంకె చూడండి, అది ప్రతి పిల్లాడి తేడానూ కలిపి తీసిన సగటు. పక్కనుండే రంగుని మాత్రం గట్టిగా నమ్మకండి. ఆ ఏటి స్థాయినీ, కిందటేడుతో వచ్చిన మార్పునీ కలిపి రంగు వేస్తారు. అదీగాక పరీక్ష రాసినవాళ్ళు 95 శాతానికి తగ్గితే, తక్కువపడిన ఒక్కొక్కరికీ కనిష్ఠ స్కోరు వేసి కలిపేస్తారు. తల్లిదండ్రులు పిల్లల్ని పరీక్ష మాన్పించిన స్కూలు అక్కడ ఉన్నదానికంటే అధ్వానంగా కనిపిస్తుంది.

'ఇంగ్లిష్ లెర్నర్' (ఇంట్లో వేరే భాష ఉండి, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు) అంకె రెండు సైటుల్లో రెండు రకాలుగా ఉందేమిటని మీరు అడిగారు. డాష్‌బోర్డ్‌లో ఆ వర్గం నుంచి బయటపడిన పిల్లల్ని కూడా నాలుగేళ్ళపాటు అందులోనే లెక్కేస్తారు. కాస్ప్‌లో వాళ్ళది వేరే వరస. తేడా అక్కడే వస్తోంది. ఇది మీ పాపకీ సంబంధించిన విషయమే. కాలిఫోర్నియా స్కూల్లో మొదటిసారి చేరేటప్పుడు ఇంటి భాష ఫారంలో తెలుగు అని రాస్తే, 30 రోజుల్లోపు ఎల్ప్యాక్ అనే ఇంగ్లిష్ భాషా పరీక్ష పెడతారు. భయపడి 'ఇంగ్లిష్' అని అబద్ధం రాయకండి. కానీ పరీక్ష తేలిగ్గా తీసుకోవద్దని పాపకి చెప్పండి. ఇంగ్లిష్ లెర్నర్‌గా తేలితే రోజూ ఇంగ్లిష్ భాషా బోధనకి సమయం కేటాయించాలి, చాలా మిడిల్ స్కూళ్ళలో అది పిల్లలు ఇష్టపడి ఎంచుకునే ఎలక్టివ్ పీరియడ్‌ని తినేస్తుంది. సంగీతమో, కోడింగో పోతుంది.

జనాభా వివరాల్లో 'ఆర్థికంగా వెనకబడినవారు' అంటే స్కూల్లో ఉచిత, తగ్గింపు ధర భోజనానికి అర్హులు (పేదరిక రేఖకు 185 శాతంలోపు ఆదాయం), లేదా తల్లిదండ్రులిద్దరూ హైస్కూల్ పూర్తి చెయ్యనివాళ్ళు. ఫోస్టర్ పిల్లలు (ప్రభుత్వ సంరక్షణలో వేరే ఇళ్ళలో పెరిగేవాళ్ళు), ఇల్లు లేనివాళ్ళు కూడా ఇందులోకే వస్తారు. 2022-23 నుంచి రాష్ట్రంలో భోజనం అందరికీ ఉచితం కావడంతో కొన్నిచోట్ల ఆదాయం ఫారం నింపేవాళ్ళు తగ్గారు, అక్కడ ఈ శాతం అసలుకన్నా తక్కువ చూపించవచ్చు.

మీరు లెక్కల గురించే బెంగపడుతున్నారు గనక ఒక మాట. ఎనిమిదిలోనే హైస్కూల్ స్థాయి లెక్కల కోర్సు ఆల్జీబ్రా 1 చదువుతున్న పిల్లలు కూడా రాష్ట్రానికి రాసేది ఎనిమిదో క్లాసు పరీక్షే. కాబట్టి 52, 71 అంకెలు చూసి అక్కడ ఆల్జీబ్రా ఉందో లేదో చెప్పలేం. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో క్లాసు నుంచి ఆల్జీబ్రా 1 తీసేసింది, దాని మీద ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి సూటిగా అడగండి: ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 సెక్షన్లు ఎన్ని, అందులోకి వెళ్ళాలంటే ఆరులో ఏ పరీక్ష, ఎప్పుడు, తప్పితే మళ్ళీ అవకాశం ఉందా. ఏటా ఫిబ్రవరి 1 లోపు స్కూలు పెట్టాల్సిన అకౌంటబిలిటీ రిపోర్ట్ కార్డ్‌లో సరైన సర్టిఫికెట్ లేని టీచర్లు ఎంతమందో, ఖాళీ పోస్టులు ఎన్ని ఉన్నాయో రాసి ఉంటుంది. 71 స్కూలుకీ అది తెరిచి చూడండి.

హాజరు అంకె కూడా చూస్తారు కదా, దాని లెక్క 10 శాతం: 180 రోజుల్లో 18 రోజులు పోతే పిల్లాడు 'దీర్ఘకాలిక గైర్హాజరు' కిందికి వస్తాడు. శీతాకాలం సెలవులకి మూడు వారాలు కలిపి సంక్రాంతికి ఊరెళ్తే ఒక్క దెబ్బకి 15 పోయినట్టే, ఆ మీద మూడు రోజుల జ్వరం చాలు. టికెట్లు కొనకముందే ఇండిపెండెంట్ స్టడీ (స్కూలుకి రాకుండా, ఇచ్చిన పని బయటే చేసుకునే ఏర్పాటు) ఇస్తారేమో ఆఫీసులో అడిగి, ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళండి. ఇచ్చిన పని పూర్తి చేసి తెస్తేనే ఆ రోజులు హాజరు కింద పడతాయి.