సీనియర్ జియాలజిస్ట్ పోస్టుకు ఏ పరీక్ష రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మా పక్కింటాయన కేంద్ర ప్రభుత్వంలో సీనియర్ జియాలజిస్ట్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరున్న రాళ్లు చూసినప్పటి నుంచి తనూ అదే చదువుతానంటోంది. బంధువులేమో బీటెక్‌లో చేర్చమంటున్నారు. ఆ పోస్టుకు ఏ పరీక్ష ఉంటుంది? ఆడపిల్ల అడవుల్లో తిరిగే ఉద్యోగం చేయగలదా? - ఒక తండ్రి, బోడుప్పల్

జవాబు: ఆ పోస్టుకు నేరుగా పరీక్ష లేదండీ. మీ పక్కింటాయన కూడా జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో, అంటే జీఎస్ఐలో, ముందు జియాలజిస్ట్‌గానే చేరి ఉంటారు. కొన్నేళ్లు పనిచేశాక ప్రమోషన్ మీద సీనియర్ అవుతారు. చేరినప్పుడు కేంద్ర వేతన పట్టికలో లెవెల్ 10, మూల వేతనం రూ.56,100. సీనియర్‌కు లెవెల్ 11, రూ.67,700 నుంచి మొదలు. డీఏ, హెచ్ఆర్ఏ వేరే.

చేరడానికి యూపీఎస్సీ వారి కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంటుంది. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్‌లో మూడు పేపర్లు కలిపి 600, ఇంటర్వ్యూ 200. మెయిన్స్‌లో వ్యాసాలు రాయాలి కాబట్టి బిట్లు బట్టీపట్టిన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

ఇక బంధువుల మాట. 'ముందు బీటెక్ కానివ్వండి, తర్వాత చూద్దాం' అన్నది ఇక్కడ పనికిరాదు. జియాలజీలో గానీ, దానికి దగ్గరి సబ్జెక్టులో గానీ పీజీ తప్పనిసరి. కంప్యూటర్స్ బీటెక్‌తో ఆ దరఖాస్తే పెట్టలేరు. డిగ్రీ కాలేజీల్లో చేరే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో ఆప్షన్లు ఇచ్చేటప్పుడు జియాలజీ మెయిన్ సబ్జెక్టుగా ఉన్న కాలేజీ వెతకండి. అన్ని కాలేజీల్లో దొరకదు, ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. డిగ్రీ తర్వాత రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ చేయొచ్చు, ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఐఐటీకైనా వెళ్లొచ్చు.

ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో మీరు అడగలేదు గానీ, అసలు తెలుసుకోవాల్సింది అదే. ఏడాదిలో కొన్ని నెలలు ఫీల్డ్ సీజన్. చేతిలో 1:50,000 స్కేలు టోపోషీటు (గుట్టలు, వాగులు చూపే మ్యాపు), సుత్తి, కంపాస్, జీపీఎస్. రోజంతా వాగులు, గుట్టలు నడిచి ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మ్యాపు గీయాలి, శాంపిళ్లు తేవాలి. మిగతా నెలలు మైక్రోస్కోపు, ల్యాబు ఫలితాలు, రిపోర్టు. సీనియర్ అయ్యాక బాధ్యత మారుతుంది. ట్రెంచి ఎక్కడ తవ్వాలి, డ్రిల్లు ఎక్కడ దించాలి, పైకి వచ్చిన కోర్‌ను, అంటే కడ్డీలాంటి రాతి ముక్కను, ఎలా చదవాలి అన్నవి తేల్చాలి. కింద పనిచేసే కుర్ర జియాలజిస్టుల మ్యాపులు సరిచూడాలి. ఆ రిపోర్టులే ముందుముందు గనుల వేలానికి ఆధారమవుతాయి, కాబట్టి చేతికొచ్చిన అంకె రాసేస్తే కుదరదు. మన ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గుందని చెప్పింది కూడా జీఎస్ఐకే చెందిన విలియం కింగ్. సింగరేణి కథ అక్కడే మొదలైంది.

ఆడపిల్ల సంగతంటారా, మహిళా జియాలజిస్టులు ఎప్పటి నుంచో ఫీల్డుకు వెళ్తున్నారు. నన్నడిగితే అడవి కంటే బదిలీలే పెద్ద పరీక్ష. జీఎస్ఐకి ఆరు రీజియన్లున్నాయి. దక్షిణ రీజియన్ ఆఫీసు మీకు దగ్గర్లోని బండ్లగూడలోనే ఉంది కదా అని పోస్టింగూ అక్కడే వస్తుందనుకోకండి, షిల్లాంగ్ కూడా రావొచ్చు. కొత్తవాళ్ల ట్రైనింగ్ సంస్థ మాత్రం బండ్లగూడలోదే!

పోస్టులు ఏటా ఒకేలా ఉండవు, పోటీ ఎక్కువ. అందుకే రెండో దారి చూసుకోవాలి. అదే పరీక్షతో కేంద్ర భూగర్భ జల మండలిలోకి వెళ్లొచ్చు. బేగంపేటలోని అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్, మాసాబ్‌ట్యాంక్‌లోని ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్ఎండీసీ, సింగరేణి, రాష్ట్ర గనుల శాఖ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లా వీధికో కంపెనీ మాత్రం ఉండదు, అది తెలిసే దిగండి.

డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటి చెబుతాను. పక్కింటాయన్ని బతిమాలి ఒక ఆదివారం అమ్మాయిని మౌలాలి గుట్టకు తీసుకెళ్లమనండి. ఎండలో రెండు గంటలు ఆ గ్రానైట్ చూసి, నోటుబుక్కులో బొమ్మ గీసి, పగుళ్లు ఏ దిక్కుకు వెళ్తున్నాయో రాయమనండి. ఇంటికొచ్చాక మళ్లీ ఎప్పుడు వెళ్దామని తనే అడిగితే దోస్త్ ఫారం నింపండి. పైన దర్గా ఉంది, సుత్తి మాత్రం ఇంట్లోనే ఉంచండి.