మామిడిపండు బన్నుల పిండి కల్లు వాసనొస్తోంది!

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ. పిల్లలకి సెలవులు కదా అని మామిడిపండు పెట్టి బన్నులు రెండుసార్లు ట్రై చేశా. మొదటిసారి రెసిపీలో చెప్పినట్టే గోరువెచ్చటి పాలతో కలిపి గంటన్నర పక్కన పెట్టా, చూస్తే పొంగి మధ్యలో కుంగిపోయింది, పైగా కల్లు వాసన. రెండోసారి పిండి బానే వచ్చింది గానీ కాల్చాక మామిడి చుట్టూ పచ్చిముద్దే. ఈస్ట్ పాడైందంటావా?

జవాబు: ఈస్ట్ పాపం బాగానే పనిచేసింది, మరీ ఎక్కువ పనిచేసింది అంతే! కల్లు పులిసేదీ ఈస్ట్ వల్లే, అందుకే ఆ వాసన. ఆ రెసిపీలు 25 డిగ్రీల వంటింటికి రాసినవి, మే నెలలో మన వంటిల్లు 38 దాటుతుంది, దోసెపిండి మధ్యాహ్నానికే పులిసిపోవట్లా, ఇదీ అంతే. పావుకిలో మైదాకి వాళ్ళు చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్ అంటే నువ్వు అరచెంచా వెయ్యి, పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి చల్లగానే పొయ్యి. గడియారం చూడకు, పిండినే చూడు. వేలితో నొక్కితే గుంట మెల్లిగా సగం పూడితే రెడీ, టక్కున పూడితే ఇంకాసేపు ఆగాలి, అలాగే ఉండిపోతే దాటిపోయినట్టు. నేనైతే రాత్రి కలిపి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పడేసి పొద్దున్నే చేసుకుంటా, రుచి కూడా బావుంటుంది.

ఇక మామిడి. రసాలు పెట్టావేమో అని నా డౌటు, అవి పిండుకుని తాగడానికే బావుంటాయి, బన్నులోకి కండ గట్టిగా ఉండే బంగినపల్లి తీసుకో, పీచుండదు. పండు ముక్కలు ఉడికించకుండా అలాగే పెడితే వేడికి నీరొదిలి చుట్టూ పిండి ఉడకదు. కప్పు ముక్కల్లో రెండు చెంచాల పంచదార వేసి సిమ్‌లో జామ్‌లా దగ్గరపడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లారాకే ఒక్కో బన్నుకి చెంచాడు పెట్టు, ఆశకొద్దీ ఎక్కువ పెట్టకు. ఓటీజీ (కరెంటు ఓవెన్) ముందే వేడిచేసి 180 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు, ట్రే కింది అరలో పెడితే అడుగు కూడా కాలుతుంది.

అన్నట్టు పైనాపిల్ పెట్టాలనిపిస్తే అదీ ఉడికించే పెట్టు, పచ్చిదాన్లోని ఎంజైము పిండి సాగుడుని విరిచేస్తుంది.

ఈసారి పిండి కుంగితే పారేయకు, కాస్త ఉప్పు, జీలకర్ర, ఉల్లిపాయ కలిపి పల్చగా వత్తి పెనం మీద కాల్చెయ్, మా ఇంట్లో బన్నులకంటే అవే ముందు అయిపోతాయి.