ఐటీవో గాజుకు రుణ పొటెన్షియల్ ఇచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కార్బన్ డయాక్సైడ్ క్షయకరణం (ఎలక్ట్రాన్లు అందించి వేరే పదార్థంగా మార్చడం) కోసం తయారుచేసిన ఉత్ప్రేరకాన్ని ఐటీవో గాజు (ఇండియం టిన్ ఆక్సైడ్ పూతతో విద్యుత్తును ప్రసరింపజేసే పారదర్శక గాజు) మీద పూసి పరీక్షించబోతున్నానని రాశావు. ఉత్ప్రేరకం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కాబట్టి, దాని కింద ఉండే గాజు గురించి మాత్రమే రాస్తాను. నీ ఫలితాలను తారుమారు చేయగలిగింది అదే.

ఐటీవో పూతలో బరువు ప్రకారం సాధారణంగా 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్ ఉంటాయి. పొటెన్షియల్ రుణ దిశలో ఒక హద్దు దాటిందంటే ఇండియం ఆక్సైడ్ తన ఆక్సిజన్‌ను కోల్పోయి ఇండియం లోహంగా మారిపోతుంది. గాజు మొదట లేత గోధుమ రంగుకు తిరిగి, ఆపైన నల్లబడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఉపరితలమంతా గుండ్రటి లోహపు బొట్లు కనిపిస్తాయి. ఆ తరువాత పొటెన్షియల్‌ను వెనక్కి తెచ్చినా పాత పూత తిరిగి రాదు.

ఉష్ణగతిక లెక్క ప్రకారం ఈ మార్పుకు హద్దు పీహెచ్ 0 వద్ద ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చినప్పుడు సుమారు −0.19 వోల్టులు, పీహెచ్ ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా అది 59 మిల్లీవోల్టుల చొప్పున రుణ దిశకు జరుగుతుంది. చర్య మందకొడిగా సాగుతుంది కనుక అసలు నష్టం ఇంకాస్త రుణ దిశకు వెళ్ళాకే బయటపడుతుంది. అది ఎంత దూరమన్నది పూత తయారైన తీరు మీద, ఎలక్ట్రోలైట్ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఎవరి వ్యాసంలోనో ఉన్న అంకెను తెచ్చి నీ గాజుకు అంటగట్టవద్దు.

నీవు వాడబోయే పెట్టెలోంచే ఉత్ప్రేరకం లేని ఒక ఉత్త ముక్క తీసుకో. అదే ఎలక్ట్రోలైట్‌లో, అదే వాయువును పంపుతూ సైక్లిక్ వోల్టామెట్రీ (పొటెన్షియల్‌ను ముందుకీ వెనక్కీ నడుపుతూ విద్యుత్తును కొలిచే పద్ధతి) మొదలుపెట్టి, రుణ హద్దును ఒక్కో విడతకు 100 మిల్లీవోల్టులు పెంచుకుంటూ వెళ్ళు. కార్బన్ డయాక్సైడ్‌తో సంతృప్తమైన 0.1 మోలార్ పొటాషియం బైకార్బనేట్ పీహెచ్ 6.8 దగ్గర ఉంటుంది కనుక, వాయువు మారిస్తే పీహెచ్, దానితోపాటు నష్టపు హద్దు కూడా మారుతాయని గుర్తుంచుకో. తిరుగు ప్రయాణంలో ఇంతకుముందు లేని ఆక్సీకరణ శిఖరం తలెత్తితే, అది ఏర్పడిన లోహం తిరిగి ఆక్సీకరణం చెందుతున్న జాడ అయ్యే అవకాశం ఎక్కువ. ప్రతి విడత తరువాత ముక్కను కడిగి, ఆరబెట్టి, తెల్ల కాగితం మీద ఉంచి రంగు చూడు. నిర్ణీతమైన రెండు బిందువుల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలువు. క్లిప్పు వైపున, ద్రావణపు అంచు దగ్గర మరింత నిశితంగా చూడు, ఎందుకంటే పూతకు కూడా నిరోధం ఉంటుంది కనుక విద్యుత్తు ఎక్కువగా ప్రవహించేటప్పుడు అసలైన రుణ పొటెన్షియల్ అక్కడే అధికంగా ఉంటుంది.

కొన్ని సెకన్ల స్కాన్‌లో చెక్కుచెదరని పూత గంటసేపు అదే పొటెన్షియల్ వద్ద నిలవకపోవచ్చు. కాబట్టి అసలు ప్రయోగం ఎంతసేపు నడుస్తుందో అంతసేపూ ఉత్త ముక్కను కూడా ఆ పొటెన్షియల్ వద్ద ఉంచి చూడాలి.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఇది: ఇండియం, టిన్ లోహాలు రెండూ కార్బన్ డయాక్సైడ్‌ను ఫార్మేట్‌గా (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపంగా) మార్చగల ఉత్ప్రేరకాలే. నీ ద్రావణంలో ఫార్మేట్ దొరికినప్పుడు అది నీ పదార్థం చేసిన పనా, గాజు క్షీణించి చేసిన పనా అన్నది ఉత్త ముక్క ఫలితం లేకుండా ఎవరూ తేల్చలేరు. ఎఫ్‌టీవోకు (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజుకు) మారితే సరిపోతుందని అనుకోవద్దు. వేడికి, ఆమ్లానికి అది ఐటీవో కంటే బాగా తట్టుకుంటుంది, నిజమే; కానీ సౌరఘటాల ప్రయోగశాలల్లో జింక్ పొడి చల్లి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి ఎఫ్‌టీవోను చెక్కేది ఈ క్షయకరణంతోనే.

కాంతి గాజు గుండా వెళ్ళవలసిన వర్ణపట కొలతలకు మాత్రమే ఐటీవో ఉంచుకుని, ఉత్పత్తుల లెక్కకు గ్లాసీ కార్బన్ గానీ కార్బన్ పేపరు గానీ వాడమని నా సలహా. ఉత్త గాజు వోల్టామోగ్రామ్‌ను (ఆ స్కాన్ల గ్రాఫును), పొటెన్షియల్‌ను పోల్చి కొలిచే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఏదో, పీహెచ్ ఎంతో రాసి నాకు పంపు. హద్దు ఎక్కడ గీయాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య