అయిపోయిందని చెప్పింది ఎవరు?

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం

చి. బుజ్జికి పెదనాన్న దీవించి రాయునది.

మొన్న అన్నం ముందు కూర్చుని మూడుసార్లు ఫోన్ ఎత్తావు. మీ పెద్దమ్మ వడ్డించిన గోంగూర పచ్చడి విస్తట్లో అలాగే ఉండిపోయింది. బస్టాండులో బస్సెక్కుతూ, "పెదనాన్నా, రెండొందల క్రాన్ జాబులు మూడు నెలల్లో షెడ్యూలర్‌లోకి మార్చాలట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నావు. నేను "కంగారు పడకు" అనేలోపు బస్సు కదిలింది. అది సలహా కాదని ఇంటికొచ్చాక అనిపించింది. ఇరవై ఆరేళ్లు బ్యాంకు డేటా సెంటర్‌లో రాత్రి బ్యాచ్, అంటే రాత్రిపూట వాటంతటవే వరసగా నడిచే ప్రోగ్రాములు, చూశాను. ఆ అనుభవంలో నీకు పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందుగా, కొత్త టూల్, అదే జాబులని ఒకదాని తర్వాత ఒకటి షరతులు చూసి నడిపే షెడ్యూలర్, ఇప్పుడే తెరవకు. ఆ రెండొందల లైన్లూ ఒక పెద్ద షీట్‌లో వేసుకో. క్రాన్ అంటే చెప్పిన టైముకి సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిపే సదుపాయం, అలా నడిచే ఒక్కో పనే జాబ్. దానికి తెలిసింది గడియారం ఒక్కటే. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు, ఆ తర్వాత నడపాల్సిన కమాండ్. ముందు పని అయిందా లేదా అన్నది దానికి పట్టదు. అందుకని రాసినవాళ్లు అంచనా వేసుకుంటారు: మొదటిది నలభై నిమిషాలు పడుతుంది, రెండోది గంట తర్వాత పెడదాం అని. ఒంటి గంటన్నరకి ఒక జాబ్, రెండున్నరకి ఇంకో జాబ్ కనిపిస్తే ఆ మధ్య గంట ఎందుకు వదిలారో అడుగు. ఆ ఖాళీలోనే ఒక డిపెండెన్సీ, అంటే ఒక జాబ్ ఇంకోదాని మీద ఆధారపడటం, దాగి ఉంటుంది. దాన్ని ఎవరూ ఎక్కడా రాసి ఉండరు, రాసినాయన ఉద్యోగం మారిపోయి ఉంటాడు. అలాంటి ఖాళీలన్నీ వెతికి పట్టుకోవడమే నీ మూడు నెలల పనిలో రెండు నెలలు. టూల్‌లో జాబులు ఎక్కించడం మిగతా నెలలో అయిపోతుంది.

ఇంకో చిన్న మెలిక కూడా చూసుకో. క్రాన్‌లో తేదీ, వారం రెండూ ఇస్తే ఆ రెండిట్లో ఏది కుదిరినా జాబ్ నడుస్తుంది. ఒకటో తేదీ సోమవారమైతేనే నడవాలని రాసుకున్న లైను, నిజానికి ప్రతి ఒకటో తేదీనా నడుస్తుంది, ప్రతి సోమవారమూ నడుస్తుంది. వాళ్లు కోరుకున్నది ఏది, ఇన్నాళ్లూ జరుగుతున్నది ఏది, రెండూ కనుక్కుని గానీ మార్చకు.

ఆ మధ్య ఖాళీ ఎంత ప్రమాదమో నా కళ్లతో చూశాను. నేను పనిచేసిన చోట ఒకటో తేదీ పెన్షన్ల ఫైలు రాత్రి ఒంటి గంటన్నరకి రావడం మొదలయ్యేది. మామూలుగా నలభై నిమిషాల్లో వచ్చేసేది. ఖాతాల్లో వేసే జాబ్ రెండున్నరకి. ఆ నెల నెట్‌వర్క్ లైను నెమ్మదిగా ఉంది, రెండున్నరకి సగం ఫైలే చేరింది. జాబ్ ఆ సగాన్నే చదివింది, తప్పేమీ కనిపించలేదు, సక్సెస్ అని చెప్పి ముగిసింది. మా స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది. పొద్దున్న వివరం చెప్పడానికి నన్నొక బ్రాంచికి పంపారు. తలుపులు తియ్యకముందే పాసుబుక్కులు పట్టుకుని పెద్దవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒక రిటైర్డ్ టీచరుగారు మందుల చీటీ చేత్తో పట్టుకుని, "బాబూ, ఈ పూటకి పడుతుందా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అప్పటినుంచి ఏ జాబ్ చూసినా నేను ఒకటే అడిగేవాణ్ణి: ఈ పని అయిపోయిందని ఎవరు చెప్తున్నారు, ఆ మాట నమ్మొచ్చా? షెడ్యూలర్‌లో ఎన్ని భాగాలున్నా ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే అన్నీ అర్థమవుతాయి.

నడిమధ్యన ఇంజిన్ ఉంటుంది. ఏ జాబ్‌కి ఏమేం కుదిరాయో చూస్తూ, అన్నీ కుదిరిన జాబ్‌ని పంపేది అదే. అది దేన్నీ గుర్తుపెట్టుకోదు, జ్ఞాపకమంతా డేటాబేస్‌లో ఉంటుంది. జాబ్ వివరం, ఈ క్షణంలో దాని స్థితి, నిన్న ఎంతసేపు నడిచింది, అన్నీ అక్కడే. అసలు పని జరిగేది వేరే సర్వర్లలో, అక్కడ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. ఇంజిన్ చెప్పిన కమాండ్ నడిపి, ఫలితం వెనక్కి చెప్తుంది. మనం చూసే కన్సోల్ ఈ మొత్తానికీ ఒక కిటికీ మాత్రమే. మీరు వాడే ఆటోసిస్ అనే షెడ్యూలర్‌లో డేటాబేస్‌ని ఈవెంట్ సర్వర్ అంటారు. దాన్ని రెండు చోట్ల పెట్టుకోవచ్చు, ఇంజిన్‌కి తోడుగా ఇంకో ఇంజిన్‌ని సిద్ధంగా ఉంచుకోవచ్చు. మీ దగ్గర అలా ఉందా, ఉంటే ఎప్పుడైనా నిజంగా మార్చి చూశారా అని అడుగు.

ఏజెంట్ సక్సెస్ అని దేన్ని చూసి చెప్తుందో బాగా పట్టుకో. స్క్రిప్ట్, అంటే జాబ్ నడిపే కమాండ్ల ఫైలు, ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా అయితే సక్సెస్, వేరే అంకె అయితే ఫెయిల్. అంతే, లోపల ఏం జరిగిందో దానికి తెలియదు. షెల్ స్క్రిప్ట్‌లో ఎగ్జిట్ కోడ్ విడిగా రాయకపోతే చివరి కమాండ్ ఫలితమే స్క్రిప్ట్ ఫలితం. మధ్యలో డేటా లోడ్ పడిపోయినా, చివరి లైను "పూర్తయింది" అని లాగ్‌లో రాసేదైతే మొత్తం సున్నాతో ముగుస్తుంది. నీ రెండొందల స్క్రిప్టుల్లో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడు. విసుగొస్తుంది, నాకు తెలుసు. అయినా ఈ పని ఇంకొకరికి అప్పగించకు. చేత్తో నడిపితే నడిచి, ఏజెంట్ నడిపితే పడిపోయే స్క్రిప్టులూ ఉంటాయి. నువ్వు లాగిన్ అయినప్పుడు ఉండే పాత్‌లూ సెట్టింగులూ ఏజెంట్‌కి ఉండవు మరి.

ఫైలు వచ్చిందా అని కాచుకుని చూసే ఫైల్ వాచర్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నా పెన్షన్ల కథ అక్కడిదే కాబట్టి. ఫైలు కనిపిస్తే చాలు అని పెట్టకు. దాని సైజు పెరగడం ఆగిందో లేదో కొంత వ్యవధి పెట్టి చూసే సదుపాయం ఉంటుంది, వాడు. అదీ పూర్తి భరోసా కాదు, లైను ఆగిపోయినా సైజు పెరగదు కదా. పంపేవాళ్లని అడిగి, పెద్ద ఫైలు పూర్తయ్యాక ఒక చిన్న గుర్తు ఫైలు పంపించమను. ఆ గుర్తు ఫైలు వచ్చాకే మన జాబ్ కదలాలి. అందులో ఎన్ని రికార్డులో, మొత్తం ఎంత డబ్బో రాయించుకుంటే మన వైపు లెక్క సరిచూసుకోవచ్చు. ఖాళీ ఫైలు వస్తే ఏం చెయ్యాలో ముందే నిర్ణయించి పెట్టుకో. సెలవురోజు ఖాళీ ఫైలు సహజం, ఒకటో తేదీన కాదు.

ఇక జాబ్‌కీ జాబ్‌కీ మధ్య షరతు. మీది ఆటోసిస్ అన్నావు కాబట్టి ఇది మరీ జాగ్రత్త. "ఆ జాబ్ సక్సెస్ అయితే దీన్ని నడుపు" అని రాస్తే, అది చూసేది ఆ జాబ్ ఆఖరి స్థితి. నిన్న రాత్రి సక్సెస్ అయి, ఈరోజు ఇంకా మొదలే కాకపోతే, ఆఖరి స్థితి సక్సెసే. నిన్నటి మాట నమ్మి ఈరోజు జాబ్ బయల్దేరుతుంది. ఎన్ని గంటల లోపు సక్సెస్‌ని లెక్కలోకి తీసుకోవాలో షరతులోనే రాయొచ్చు, లుక్‌బ్యాక్ అంటారు. రోజూ నడిచే ప్రతి గొలుసులోనూ ఆ సంగతి ఆలోచించు. కంట్రోల్-ఎమ్ అనే ఇంకో షెడ్యూలర్‌లో కండిషన్‌కి తేదీ కూడా జతగా ఉంటుంది, అందువల్ల నిన్నటిదీ ఈరోజుదీ కలిసిపోవు. నాకైతే ఆ పద్ధతే ఇష్టం. బ్యాంకుకి అర్ధరాత్రి దాటినా "ఈరోజు" ముగియదు, రోజు ముగింపు జాబ్ అయ్యాకే తేదీ మారుతుంది.

జాబ్‌ని ఆపడానికి ఉన్న హోల్డ్, ఐస్ అనే రెండింటి తేడా కొత్తవాళ్లందరినీ తికమక పెడుతుంది. హోల్డ్‌లో పెడితే ఆ జాబ్ ఆగుతుంది, దాని వెనకున్నవీ ఆగుతాయి. ఐస్‌లో పెడితే ఆ జాబ్ నడవదు కానీ, వెనకున్నవి అది అయిపోయినట్టే అనుకుని నడిచేస్తాయి. హోల్డ్ తీసేసరికి షరతులు కుదిరి ఉంటే వెంటనే మొదలవుతుంది. ఐస్ తీస్తే మొదలవదు, షరతులు మళ్లీ కొత్తగా కుదిరేదాకా ఆగుతుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకటి బదులు ఇంకొకటి నొక్కకు. ఫెయిలైన జాబ్‌ని చేత్తో సక్సెస్‌గా మార్చడం ఇంకా పెద్ద విషయం. అలా మార్చినప్పుడు "అయిపోయింది" అని చెప్తున్నది నువ్వు. ఎవరు అడిగితే మార్చావో, ఏం చూసుకుని మార్చావో పని నమోదు చేసే టికెట్‌లో రాయకుండా ఎప్పుడూ చెయ్యకు, మేనేజరు ఫోన్‌లో తొందరపెట్టినా సరే.

వనరుల సంగతి నీకు తెలిసిందే. విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే బండిని అవుటర్‌లో ఆపుతారు కదా. ఒక డేటాబేస్ మీద ఒకేసారి నాలుగు పెద్ద జాబులకి మించి వద్దు అనుకుంటే షెడ్యూలర్‌లో అలాగే పరిమితి పెట్టొచ్చు.

కేలెండర్ మాత్రం చిన్న విషయం అనుకోకు. మన బ్యాంకులకి 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఉగాది ఏటా మారుతుంది, రంజాన్ సెలవు నెలవంకని బట్టి ఆఖరి నిమిషంలోనూ మారొచ్చు. పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది, కాబట్టి రాత్రంతా మనదే అన్న పాత ధీమా ఇప్పుడు లేదు. మీ క్లయింటు అమెరికా వాళ్లయితే వాళ్ల గడియారం మార్పు ఒకటి. మార్చి రెండో ఆదివారం అక్కడ రెండు గంటలకి గడియారం మూడుకి దూకుతుంది. ఆ రోజు రెండున్నర అనేదే ఉండదు. నవంబర్ మొదటి ఆదివారం ఒంటి గంటన్నర రెండుసార్లు వస్తుంది. న్యూయార్క్‌కీ మనకీ తేడా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. జాబ్‌లో టైమ్ జోన్ రాయి, మనసులో కూడికలు తీసివేతలు చెయ్యకు. ఇంకోటి, కేలెండర్‌లో తేదీలు డిసెంబర్ దాకానే ఎక్కించి వదిలేస్తే జనవరిలో జాబులు చప్పుడు చెయ్యకుండా నడవడం మానేస్తాయి. ఫెయిల్ కాలేదు కాబట్టి అలర్ట్ కూడా రాదు. వచ్చే ఏడాది తేదీలు ఎవరు, ఏ నెలలో ఎక్కించాలో ఇప్పుడే ఒక మనిషికి అప్పజెప్పించు.

అలర్ట్‌లు ఫెయిల్‌కి మాత్రమే పెట్టుకుంటారు చాలామంది. ఎక్కువసేపు నడిస్తే ఒకటి, మరీ తొందరగా ముగిసినా ఒకటి పెట్టు. నలభై నిమిషాల జాబ్ రెండు నిమిషాల్లో సక్సెస్ అయితే అది సంతోషించే విషయం కాదు, దానికి చదవడానికి ఏమీ దొరకలేదని అర్థం. అవసరంలేని అలర్ట్‌లని కనికరం లేకుండా తీసేయించు. రాత్రికి వంద మెసేజ్‌లు వస్తే నూట ఒకటోది ఎవరూ చూడరు.

ప్రతి జాబ్ వివరణలోనూ ఒక వాక్యం తప్పకుండా రాయించు: మధ్యలో పడిపోతే మొదటినుంచి మళ్లీ నడపొచ్చా, నడిపితే ఏమవుతుంది? రిపోర్టు రెండుసార్లు తయారైతే నష్టం లేదు. వడ్డీ రెండుసార్లు పడితే ఉంది. అప్పటికే వేసినవాటిని గుర్తించి వదిలేసేలా స్క్రిప్ట్ రాసినవాళ్ల చేతే మార్పించు. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ ఎత్తేవాడు ఊహించుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. పాస్‌వర్డులు స్క్రిప్టుల్లో కనిపిస్తే అవీ ఇప్పుడే తీయించు, మళ్లీ ఇలాంటి అవకాశం రాదు.

షెడ్యూలర్ ఆగితే ఏమవుతుందో మీ పైవాళ్లు అడిగితే బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ గ్రూపు సంగతి చెప్పు. 2012 జూన్ 17న బ్యాచ్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేశారు. తేడా కనిపించింది. వెనక్కి తీస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించకుండానే ఆ అప్‌గ్రేడ్‌ని వెనక్కి తీశారు. ఆ గ్రూపు బ్యాంకుల్లో 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు వారాల తరబడి ఇబ్బంది పడ్డారు. బ్యాలెన్స్ సరిగా కనబడక, ఇంటి అప్పు కిస్తీ టైముకి కట్టలేక, కొందరు పరాయి దేశంలో చేతిలో డబ్బు లేక. 2014లో అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. నీ మార్పు ప్లాన్‌లో వెనక్కి వెళ్లే దారి ఉంటుంది, అందరూ రాస్తారు. ఆ దారిలో ఒకసారి నిజంగా నడిచి చూడు.

మార్చేటప్పుడు రెండొందలూ ఒకేసారి వద్దు. ఎవరికీ డబ్బు తగలని రిపోర్టు జాబులు పదిహేనుతో మొదలుపెట్టు. ఒక నెలాఖరు దాటాక డబ్బు జాబుల్లోకి వెళ్లు, మార్చి 31 దగ్గర మాత్రం దేన్నీ ముట్టుకోకు. షెడ్యూలర్‌లో జాబ్ ఆన్ చేసిన రోజే క్రాన్‌లో ఆ లైను కామెంట్ చేసి నడవకుండా ఆపాలి. ఒకరు ఆన్ చేసి, ఇంకొకరు రేపు తీసేద్దాంలే అనుకుంటే ఆ రాత్రి అదే జాబ్ రెండు చోట్లనుంచి నడుస్తుంది. కాబట్టి రెండు పనులూ ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో చెయ్యాలి, రెండో మనిషి పక్కనుండి చూడాలి.

డబ్బు జాబులు మార్చే మొదటి రాత్రి ఏ తేదీయో ఖాయమయ్యాక నాకు చెప్పు. నేను మేలుకునే ఉంటాను, ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి. మీ పెద్దమ్మ గోంగూర జాడీలో పెట్టి ఉంచింది, వచ్చే ఆదివారం ఆన్ కాల్ డ్యూటీ లేకపోతే రా.

ఇట్లు
మీ పెదనాన్న