భర్త సౌదీలో ఉన్నప్పుడు ఇల్లు నడపడం

మీ భర్త రెండేళ్ల వీసా మీద సౌదీకి వెళ్తున్నారని, ఇద్దరు పిల్లలతోనూ అత్తమామలతోనూ ఇల్లు ఎలా నెట్టుకురావాలో తెలియడం లేదని రాశారు. మాది జగిత్యాల జిల్లా. మా ఆయన పెళ్లైన కొత్తలోనే రియాద్ వెళ్లి, ఇప్పటికీ అక్కడే భవన నిర్మాణ పనిలో ఉన్నారు. నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే: ఆయనను నెలనెలా డబ్బు పంపే మనిషిగా మాత్రమే మిగలనివ్వకండి.

సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. మనకు రాత్రి తొమ్మిదంటే అక్కడ ఆరున్నర. అప్పుడే క్యాంపుకు చేరి స్నానానికి, వంటకు వంతు కోసం ఎదురుచూసే వేళ కాబట్టి, మేము ఇంకాస్త ఆగి మాట్లాడుకుంటాం. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది; ఆ నెలల్లో ఆయన చాలా పొద్దున్నే పనికి వెళ్తారు గనుక మాటలు తొందరగా ముగిస్తాం. స్కూలు ఫీజు, అప్పు వాయిదా, పొలం కౌలు వంటి లెక్కలను శుక్రవారం సెలవు రోజుకే ఉంచండి. మిగతా రోజుల్లో "ఇయ్యాల కూరేం జేసినవ్?" అన్న ముచ్చట్లే సాగనివ్వండి. మా చిన్నోడు లెక్కల నోట్‌బుక్‌ను కెమెరాకు మరీ దగ్గరగా పెడతాడు. "జర ఎనుకకు జరుపు బిడ్డా" అంటూ ఆయన ఒక్కొక్క కూడిక సరిచూస్తారు. నేనూ చూడగలను, కానీ ఆ పని ఆయనకే వదిలేశాను.

పిల్లల జ్వరం, మోటారు మరమ్మతు లాంటివాటికి మాత్రం ఫోన్ కోసం ఆగకండి. నిర్ణయం మీరే తీసుకుని, రాత్రికి చెప్పండి. అత్తమ్మ చేతిఖర్చుకు ఎంతో కొంత ఆయనే నేరుగా ఆమె ఖాతాకు పంపేలా వెళ్లేలోపే మాట్లాడుకోండి. కొడుకు సంపాదనను కోడలి చేతి మీదుగా అడిగి తీసుకోవడం పెద్దవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. మా ఇంట్లో మాటపట్టింపులు చాలావరకు ఈ ఏర్పాటుతోనే తగ్గాయి.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు మీ దగ్గర పెట్టుకోండి. అక్కడికి చేరాక ఇఖామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే నివాస అనుమతి కార్డు) ఫొటో, గదిలో ఉండేవాళ్ల నంబర్లు తీసుకోండి. ఆయనది ఇసిఆర్ పాస్‌పోర్టు (పని కోసం గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది) అయితే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వచ్చే ఆ పాలసీలో నామినీగా మీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోకూడదు.

సెలవు మీద వచ్చినప్పుడు చిన్నపిల్లలు మొదట్లో ఆయన దగ్గరకు వెళ్లడానికి వెనకాడవచ్చు. వాళ్లను బలవంతపెట్టకుండా, బడికి దింపి తీసుకొచ్చే పని ఆయనకు అప్పగించి, చుట్టాల ఇళ్లకు తిరగడం ఆ తరువాత పెట్టుకోండి.